రక్తం పలచబడిందంటారు, యంత్రంలో గడ్డకట్టిందంటారు: ఏది నిజం?

కాలేయం హఠాత్తుగా చెడిపోయిన రోగిని ఇంటెన్సివ్ కేర్‌లో చేర్చినప్పుడు బంధువులు తరచుగా వినే మాట ఒకటుంది: "రక్తం పలచబడింది, గడ్డకట్టే గుణం తగ్గిపోయింది." పరీక్ష కాగితంలో ఐఎన్‌ఆర్ అనే అంకె మామూలుగా 1 దగ్గర ఉండవలసినది 4, 5, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కనిపిస్తుంది. మర్నాడు అదే రోగి రక్తాన్ని శుద్ధి చేయడానికి యంత్రం పెడతారు. కొన్ని గంటలు గడిచాయో లేదో, "ఫిల్టరులో రక్తం గడ్డకట్టింది, మరొకటి తేవాలి" అని చీటీ చేతికి వస్తుంది.

గడ్డకట్టని రక్తం గడ్డకట్టడమేమిటి? నిన్న చెప్పింది అబద్ధమా, నేడు యంత్రం నడిపినవారి అజాగ్రత్తా? బంధువులకు ఈ అనుమానం రావడం సహజం. అది కోపంగానూ, కోపం వాగ్వాదంగానూ మారడం నా ఉద్యోగకాలంలో పలుమార్లు చూశాను. నిజానికి ఆ రెండు మాటలూ ఒకే రోగి విషయంలో నిజం కావచ్చు. ఈ సంగతి వైద్యలోకానికే అర్థం కావడానికి ఒక శతాబ్దం పైగా పట్టింది. ఆ చరిత్రను మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జలగతో మొదలైన కథ

రక్తాన్ని శరీరం వెలుపలకు తీసి, శుద్ధి చేసి, తిరిగి లోపలికి పంపాలన్న ఆలోచనకు మొట్టమొదటి అడ్డంకి విషపదార్థాలను వడకట్టడం కాదు, రక్తం గడ్డకట్టడం. రక్తనాళం లోపలి పొరను దాటి ఏ పరాయి వస్తువును తాకినా రక్తం చిక్కబడడం మొదలుపెడుతుంది. గాయమైనప్పుడు మన ప్రాణం కాపాడేది ఈ గుణమే. యంత్రంలో అదే గుణం ఆటంకమవుతుంది.

వరిమళ్లలో, చెరువుల్లో దిగినవారికి జలగ కరిచిన చోట నుంచి చాలాసేపు రక్తం కారుతూనే ఉంటుందని తెలుసు. ఎందుకు కారుతుందో 1884లో జాన్ హేక్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త పరిశోధించి, జలగ స్రావంలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం ఉందని చూపాడు. దానికి తరువాత హిరుడిన్ అని పేరు వచ్చింది.

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాన్ జాకబ్ ఏబెల్, అతని సహచరులు 1913లో ఒక పరికరాన్ని నిర్మించారు. కొలోడియన్ అనే పదార్థంతో చేసిన సన్నని గొట్టాల్లో జంతువు రక్తం ప్రవహిస్తుంది. చుట్టూ ఉన్న ద్రవంలోకి రక్తంలోని మలినాలు జారిపోతాయి. ఈ రోజు మనం చూసే డయాలిసిస్‌కు అదే పూర్వరూపం. ఆ గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా వారు వాడినది జలగల తలల నుంచి తీసిన సారం. మరుసటి సంవత్సరమే అదే బృందం రక్తం నుంచి ప్లాస్మాను వేరుచేసి, కణాలను మాత్రమే తిరిగి శరీరంలోకి పంపే పద్ధతిని వర్ణించింది. వందేళ్ల తరువాత కాలేయ రోగులకు ఆశాకిరణమైన ప్లాస్మా మార్పిడికి బీజం అక్కడే పడింది.

1924లో జర్మనీలోని గీసెన్ పట్టణంలో గెయోర్గ్ హాస్ అనే వైద్యుడు తొలిసారిగా ఒక మనిషికి డయాలిసిస్ చేశాడు. అది పట్టుమని పదిహేను నిమిషాలు సాగింది. వాడినది హిరుడినే. జలగల సారం శుద్ధంగా ఉండేది కాదు, రోగులకు జ్వరమూ ఇతర వికారాలూ కలిగేవి. దానికి బదులు మరొక మందు దొరికితే తప్ప ముందడుగు పడే వీలు లేకపోయింది.

కాలేయం పేరు పెట్టుకున్న మందు

ఆ మందు అప్పటికే పుట్టింది, అదీ ఏబెల్ పనిచేసిన విశ్వవిద్యాలయంలోనే. 1916లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి, ఆచార్య విలియం హోవెల్ ప్రయోగశాలలో రక్తాన్ని త్వరగా గడ్డకట్టించే పదార్థం కోసం వెదుకుతున్నాడు. కుక్క కాలేయం నుంచి తీసిన సారం అందుకు పూర్తిగా విరుద్ధంగా ప్రవర్తించింది, రక్తాన్ని గడ్డకట్టనివ్వలేదు. 1918లో హోవెల్ తన పరిశోధనలో దొరికిన అటువంటి పదార్థానికి హెపారిన్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో హెపార్ అంటే కాలేయం. కాలేయంలో దొరికింది గనుక కాలేయం పేరే దానికి స్థిరపడింది.

మనుషులకు ఇవ్వదగినంత శుద్ధంగా దాన్ని తయారుచేయడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. ఇన్సులిన్ ఆవిష్కరణలో పాలుపంచుకున్న చార్లెస్ బెస్ట్ ఆధ్వర్యంలో కెనడాలోని టొరంటోలోనూ, ఎరిక్ యోర్పెస్ కృషితో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లోనూ ఈ పని జరిగింది. 1935 ప్రాంతం నుంచి రోగులకు ఇవ్వగలిగారు. మొదట పశువుల కాలేయం నుంచి, తరువాత ఊపిరితిత్తుల నుంచి తీసేవారు. నేడు ప్రధానంగా పంది పేగుల లోపలిపొర నుంచి తీస్తున్నారు. మూలం మారినా పేరు మారలేదు.

హెపారిన్ చేతికి వచ్చాక, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, జర్మనీ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణంలో విలెం కాఫ్ తన కృత్రిమ మూత్రపిండాన్ని నిర్మించాడు. మాంసం నింపే సాసేజి తొడుగులకు వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని తిరిగే పీపా చుట్టూ చుట్టి, దానిలో రక్తం పారించాడు. 1943 నుంచి ప్రయత్నించగా తొలి రోగుల్లో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ల మహిళ ఒకరు కోమా నుంచి మేల్కొని బతికారు. మూత్రపిండాలకు యంత్రం ఉంటుందని లోకానికి అప్పుడు నమ్మకం కుదిరింది.

కాలేయానికి యంత్రం ఎందుకు కుదరలేదు?

మూత్రపిండానికి సాధ్యమైనది కాలేయానికి ఎందుకు కాకూడదు? 1950ల చివర అమెరికాలో కాలేయ కోమాలో ఉన్న రోగులకు డయాలిసిస్ చేసి అమ్మోనియాను తగ్గించి చూశారు. కొందరికి తెలివి వచ్చింది, కాని ప్రాణాలు నిలవలేదు. 1965లో బెన్ ఐస్‌మన్ బృందం రోగి రక్తాన్ని పంది కాలేయం గుండా ప్రవహింపజేసింది. అదీ తాత్కాలిక ఉపశమనంతోనే ఆగింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా గమనించాలి. మూత్రపిండాలు వడకట్టే యూరియా వంటివి నీటిలో సులభంగా కరుగుతాయి, పొర గుండా జారిపోతాయి. కాలేయం చెడినప్పుడు పేరుకుపోయే బిల్లిరుబిన్, పైత్య ఆమ్లాలు వంటివి ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు అంటుకొని ఉంటాయి. మామూలు డయాలిసిస్ పొర వాటిని పోనివ్వదు. కనుక వాటిని పీల్చుకొనే వస్తువు కావాలి.

ఆ వస్తువు బొగ్గు. 1964లో గ్రీసు దేశపు వైద్యుడు యాట్జిడిస్ ఉత్తేజిత బొగ్గు గుండా రక్తాన్ని పంపి మలినాలను తొలగించవచ్చని చూపాడు. బొగ్గు మలినాలను పీల్చింది. దానితో పాటు ప్లేట్‌లెట్లనూ పట్టుకుంది, సన్నని బొగ్గు రేణువులను రక్తంలోకి వదిలింది. కెనడాలో థామస్ చాంగ్ బొగ్గు పలుకులకు పలుచని పూత వేసి ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దాడు. 1972లో కాలేయ కోమాలో ఉన్న రోగికి ఆ పద్ధతి వాడిన సంగతిని ప్రకటించాడు.

లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో రోజర్ విలియమ్స్ బృందం 1970లలో ఈ చికిత్సను పెద్ద ఎత్తున చేపట్టింది. తొలి ఫలితాలు ఉత్సాహం కలిగించాయి. కాని పాత శత్రువు మళ్లీ ఎదురైంది. హెపారిన్ ఇస్తున్నా ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కునేవి, వాటి సంఖ్య పడిపోయేది, కొందరికి రక్తపోటు హఠాత్తుగా దిగజారేది. హెపారిన్ మోతాదు పెంచితే రక్తస్రావం, తగ్గిస్తే గడ్డలు.

1976లో జాన్ వేన్, సాల్వడార్ మొంకాడా, వారి సహచరులు ప్రోస్టాసైక్లిన్‌ను కనుగొన్నారు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా రక్తనాళాల పొర స్వయంగా తయారుచేసుకొనే పదార్థమది. ప్రోస్టాగ్లాండిన్ల పరిశోధనకు వేన్ 1982లో మరిద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. ప్రోస్టాసైక్లిన్‌ను కలిపి ఇచ్చాక బొగ్గు చికిత్స సాఫీగా సాగింది. అప్పుడు అసలు ప్రశ్న వేయడం సాధ్యమైంది: దీనివల్ల రోగులు ఎక్కువమంది బతుకుతున్నారా? 1988లో అదే ఆసుపత్రి బృందం 137 మంది రోగులతో జరిపిన పరీక్షల ఫలితాలు ప్రకటించింది. బతికినవారి సంఖ్యలో చెప్పుకోదగిన తేడా లేదని తేలింది. తాము పదిహేనేళ్లు శ్రమించిన చికిత్స గురించే ఇంత నిజాయితీగా చెప్పిన ఆ వైద్యులను మెచ్చుకోవాలి.

1993లో జర్మనీలోని రోస్టాక్‌లో మార్స్ అనే పరికరం వచ్చింది. ఇది పొరకు అవతలివైపు ఆల్బుమిన్ ద్రవాన్ని ప్రవహింపజేసి మలినాలను లాగుతుంది. మలినాలు తగ్గాయి, స్పృహ మెరుగైంది. కాని 2013లో వెలువడిన పెద్ద పరీక్షల్లో ప్రాణరక్షణ విషయంలో స్పష్టమైన మేలు నిరూపణ కాలేదు.

గాజు గొట్టం చెప్పే సగం నిజం

ఇంతకూ, ఐఎన్‌ఆర్ అంత ఎక్కువగా ఉన్న రక్తం యంత్రంలో ఎందుకు గడ్డకడుతుంది? ఇందుకు ఒక పాత ఉదంతం దారి చూపుతుంది.

1955లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఆస్కార్ రాట్నాఫ్ అనే వైద్యుడు ఒక రైల్వే ఉద్యోగి గురించి రాశాడు. శస్త్రచికిత్సకు ముందు పరీక్షిస్తే అతని రక్తం గాజు గొట్టంలో ఎంతసేపటికీ గడ్డకట్టలేదు. విచిత్రమేమంటే అతనికి జీవితంలో అసాధారణ రక్తస్రావమే లేదు. పరాయి ఉపరితలాన్ని తాకగానే మేల్కొనే ఒక కారకం అతని రక్తంలో లోపించిందని తేలింది. నేడు దాన్ని పన్నెండవ కారకం అంటున్నాం. డయాలిసిస్ గొట్టాన్ని తాకిన రక్తంలో గడ్డకట్టే క్రియను రేకెత్తించేవాటిలో ఇదొకటి. ఆ ఉద్యోగి 1968లో కటి ఎముక విరిగి మంచం పట్టాడు. చివరకు ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడి మరణించాడు. గాజు గొట్టంలో గడ్డకట్టని రక్తం శరీరంలో గడ్డకట్టి ప్రాణం తీసింది.

ఐఎన్‌ఆర్ కూడా గాజు గొట్టం చెప్పే సాక్ష్యమే. దానికి ఆధారమైన ప్రోథ్రాంబిన్ కాలపరీక్షను 1935లో ఆర్మండ్ క్విక్ ప్రవేశపెట్టాడు. వార్ఫరిన్ వంటి మందులు వాడేవారి ఫలితాలు అన్ని ప్రయోగశాలల్లోనూ ఒకేలా ఉండాలని 1980లలో ఐఎన్‌ఆర్ కొలమానం తెచ్చారు. అది కాలేయ రోగుల కోసం రూపొందించినది కాదు. ఆ పరీక్ష గడ్డకట్టించే కారకాలు ఎంత ఉన్నాయో చూస్తుందే గాని, గడ్డను అదుపుచేసే పదార్థాలు ఎంత ఉన్నాయో చూడదు.

ఇక్కడే అసలు కీలకం ఉంది. గడ్డకట్టించే కారకాల్లో అధికభాగాన్ని కాలేయమే తయారుచేస్తుంది. గడ్డను అదుపులో పెట్టే యాంటిథ్రాంబిన్, ప్రొటీన్ సి వంటివాటినీ కాలేయమే తయారుచేస్తుంది. త్రాసుకు రెండు పళ్లాలున్నాయనుకోండి. కాలేయం చెడినప్పుడు రెండు పళ్లాల్లోని బరువులూ తగ్గుతాయి. ఐఎన్‌ఆర్ ఒక పళ్లాన్ని మాత్రమే చూసి "తేలికైంది" అంటుంది. ముల్లు మాత్రం మధ్యకు దగ్గరగానే ఉండవచ్చు. దీనికి తోడు, ప్లేట్‌లెట్లను అతికించే వాన్ విలెబ్రాండ్ కారకం రక్తనాళాల పొరల నుంచి వస్తుంది గనుక తగ్గదు సరికదా, పెరుగుతుంది. 2005లో ఇటలీలోని మిలాన్ నగరంలో ట్రిపోడి, మన్నూచి బృందం సిర్రోసిస్ రోగుల రక్తంపై రెండు పళ్లాలనూ లెక్కలోకి తీసుకొనే పరీక్ష చేసింది. గడ్డకు మూలమైన థ్రాంబిన్ వారిలో మామూలు మనుషుల్లో మాదిరిగానే తయారవుతోందని తేలింది. తరువాతి సంవత్సరాల్లో హఠాత్తుగా కాలేయం చెడినవారిలోనూ ఇటువంటి సమతౌల్యమే తరచుగా కనబడింది.

అయితే ఇది బరువులు తక్కువగా ఉన్న త్రాసు. చిన్న తాకిడికే ఏదో ఒకవైపు ఒరిగిపోతుంది. ఇన్ఫెక్షన్ సోకితే రక్తస్రావం వైపు మొగ్గవచ్చు. ప్లాస్టిక్ గొట్టం, పొర, గాలి బుడగలను పట్టే గది, నెమ్మదించిన ప్రవాహం తగిలితే గడ్డకట్టే వైపు మొగ్గవచ్చు. ఒకే రోగికి ముక్కు నుంచి రక్తం కారుతూ, ఫిల్టరులో గడ్డకట్టడం అందుకే సంభవం.

మందుల దారి కూడా కాలేయం గుండానే

అలాగైతే మందు ఇచ్చి గడ్డను ఆపవచ్చు గదా అని మీరడగవచ్చు. హెపారిన్ ఒంటరిగా పనిచేయలేదని, రక్తంలో దానికొక తోడు కావాలని 1939లో కెన్నెత్ బ్రింకస్ బృందం చూపింది. ఆ తోడే యాంటిథ్రాంబిన్. దాన్ని తయారుచేసేది కాలేయం. కాలేయం పేరు పెట్టుకున్న మందు కాలేయం చెడినప్పుడు సరిగా పనిచేయకపోవచ్చు. పైగా రక్తస్రావ భయం ఎలాగూ ఉంది.

రెండవ మార్గం సిట్రేట్. రక్తదానం చేసినప్పుడు సంచిలో ఉండే ద్రవంలోనిది ఇదే. 1914లో బెల్జియంలో హుస్టిన్, అర్జెంటీనాలో అగోటె, 1915లో న్యూయార్క్‌లో లూయిసన్ దీన్ని రక్తమార్పిడికి వాడి చూపారు. గడ్డకట్టడానికి కాల్షియం తప్పనిసరి. సిట్రేట్ దాన్ని పట్టి ఉంచుతుంది. యంత్రంలోకి వెళ్లే దారిలో సిట్రేట్ కలిపి, శరీరంలోకి తిరిగివచ్చే దారిలో కాల్షియం ఇస్తే, గడ్డకట్టని రక్తం యంత్రం వరకే పరిమితమవుతుంది. ఎంత చక్కని ఉపాయం! కాని శరీరంలోకి చేరిన సిట్రేట్‌ను ప్రధానంగా కరిగించేది కూడా కాలేయమే. అది చేయలేనప్పుడు సిట్రేట్ పేరుకుని, రక్తంలో పనిచేసే కాల్షియం పడిపోయి గుండెకు ముప్పు రావచ్చు. అందువల్ల చాలాకాలం కాలేయ రోగులకు సిట్రేట్ నిషిద్ధంగా ఉండేది. ఇటీవలి సంవత్సరాల్లో కాల్షియంను తరచుగా పరీక్షిస్తూ, మోతాదు తగ్గించి, చాలామందికి సురక్షితంగా ఇవ్వగలుగుతున్నారు. మూడవ మార్గం ఏ మందూ ఇవ్వకుండా యంత్రం నడపడం. అప్పుడు ఫిల్టరు త్వరగా మూసుకుపోవచ్చునని ముందే తెలుసు. అలా మూసుకుపోయిన ప్రతిసారీ గొట్టాల్లో ఉన్న 150 నుంచి 200 మిల్లీలీటర్ల రక్తం కూడా పోవచ్చు.

కనుక ఫిల్టరు గడ్డకట్టడం ఎల్లప్పుడూ అజాగ్రత్తకు గుర్తు కాదు. రక్తస్రావం కాకూడదని వైద్యుడు తెలిసి ఎంచుకున్న మార్గానికి చెల్లించిన మూల్యం కావచ్చు.

మన ప్రాంతంలో ఈ చరిత్ర ఎక్కడ తగులుతుంది?

2016లో డెన్మార్క్, బ్రిటన్, ఫిన్లాండ్ దేశాల్లో 182 మందిపై జరిగిన పరీక్ష ఒక మంచి వార్త తెచ్చింది. రోగి ప్లాస్మాను పెద్ద మొత్తంలో తీసి దాతల ప్లాస్మాను ఎక్కించిన వారిలో 58.7 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 47.8 శాతం బతికి ఇంటికి వెళ్లారు. దాతల ప్లాస్మా త్రాసులోని రెండు పళ్లాలకూ బరువు చేరుస్తుంది. అయితే దానిలోనూ సిట్రేట్ ఉంటుంది గనుక కాల్షియంను కనిపెట్టుకుని ఉండక తప్పదు.

మన దక్షిణాది రాష్ట్రాల్లో కాలేయం హఠాత్తుగా చెడడానికి ఒక విషాదకరమైన కారణం పసుపు భాస్వరం కలిసిన ఎలుకల మందు. వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల వంటి చోట్ల ఈ రోగులకు తక్కువ పరిమాణంలో ప్లాస్మా మార్పిడి చేసి ఫలితాలు ప్రకటించారు. దీని గురించి ప్రతి ఇంటా తెలియవలసిన సంగతి ఒకటుంది. ఈ విషం తిన్నవారు మొదటి ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. ఆ తరువాత కాలేయం దెబ్బతింటుంది. "వాంతి అయిపోయింది, బాగానే తిరుగుతున్నాడు" అని ఇంటివద్ద ఆగకండి. వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అటువంటి ఎలుకల మందును ఇంట్లో ఉంచకండి. మనసు కుంగినవారికి టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనే సహాయం దొరుకుతుంది.

పాఠకులకు నాలుగు మాటలు

మీ ఇంటివారు ఇటువంటి చికిత్సలో ఉంటే వీటిని గుర్తుంచుకోండి.

మొదటిది, ఐఎన్‌ఆర్ అంకె కాలేయం ఎంత దెబ్బతిన్నదో చెబుతుంది. రక్తస్రావం ఎంత అవుతుందో దాన్నిబట్టి మాత్రమే చెప్పలేము.

రెండవది, అంకె తగ్గించడానికే ప్లాస్మా సంచులు ఎక్కించమని వైద్యుణ్ణి ఒత్తిడి చేయకండి. రక్తం కారుతున్నప్పుడు, కొన్ని శస్త్రచికిత్సలకు ముందు దాని అవసరం ఉండవచ్చు. ఊరకే ఎక్కిస్తే శరీరంలో ద్రవం పెరుగుతుంది. మెదడు వాచే ప్రమాదమున్న రోగికి అది మంచిది కాదు. కాలేయం కోలుకుంటున్నదా లేదా అని చూపే గుర్తు కూడా చెరిగిపోతుంది. ఇది పైన చెప్పిన ప్లాస్మా మార్పిడి వంటిది కాదు. అక్కడ తీసినంతకు బదులుగా ఎక్కిస్తారు.

మూడవది, "గడ్డకట్టకుండా ఏ మందు వాడుతున్నారు, వాడకపోతే కారణమేమిటి?" అని మర్యాదగా అడగండి. ఇది మీ హక్కు. ఫిల్టరు మార్చవలసి రావచ్చునని ముందుగానే చెప్పడం వైద్యుల బాధ్యత.

నాలుగవది, ఈ యంత్రాలేవీ కాలేయానికి ప్రత్యామ్నాయం కావు. కాలేయం తానుగా కోలుకునే వరకో, మార్పిడికి మరొక కాలేయం దొరికే వరకో సమయం సంపాదించి పెట్టడమే వాటి పని. కాబట్టి కాలేయ మార్పిడి అవసరమవుతుందా అన్న ప్రశ్నను మొదటి రోజే అడగండి. సౌకర్యమున్న ఆసుపత్రికి తరలించడంలో పోయిన రోజును ఏ ఫిల్టరూ తిరిగి తేలేదు.